బొడిపెల బ్యాటు కొత్తావిడ

సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు. వాన వెలిసి గంట దాటినా గాలిలో చెమ్మ తగ్గలేదు. హాలు కిటికీ అద్దాలకు ఆవిరి పట్టి ఉంది.

టేబుల్ టెన్నిస్ క్లబ్బు ఛాంపియను అయిన టెలిఫోన్ ఆపరేటరు వరుసగా మూడో గేము ఓడిపోయింది.

టేబులుకు అవతల ఉన్నది వారం క్రితం వచ్చిన కొత్తావిడ. పొరుగూరి నుంచి బస్సులో వచ్చి, ఆడి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆమె బ్యాటుకు ఒకవైపు అంటించినది నున్నటి రబ్బరు కాదు. పొడుగాటి బొడిపెలు తేలిన రబ్బరు. బంతిని ఎంత గట్టిగా తిప్పి కొడితే, దాని మీది నుంచి అది అంత ఎదురు తిరుగుడుతో వెనక్కి వస్తుంది. ఆపరేటరు బలమంతా తిప్పి కొట్టడంలోనే ఉంది. అందువల్ల ఆమె రెండో దెబ్బ ప్రతిసారీ నెట్టుకు తగిలి తన వైపే పడుతోంది.

"తిప్పకండి. మెల్లగా తోయండి, చాలు," అంది కొత్తావిడ.

"పాఠాలు చెప్పమని నేనడగలేదు."

నెల తిరిగితే రాష్ట్ర జట్టు ఎంపిక. అందులో ఒకే ఒక్క స్థానం ఖాళీ అయింది. పెళ్ళికి ముందు నుంచీ ఆపరేటరు కోరుకున్నది అదొక్కటే.

కింది అంతస్తులో ఆమె భర్తకు ఆటసామాన్ల దుకాణం ఉంది. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి ఆయన కొత్తావిడ బ్యాటుకు జిగురు రాసి, రబ్బరు కింద గాలి నిలవకుండా బొటనవేలితో అంచు దాకా ఒత్తుతున్నాడు.

"నా రబ్బరు అంచు ఊడి ఎన్నాళ్ళయింది? కనబళ్ళేదా మీకు?"

"నీది రేపు చేస్తాలే."

"ఆవిడది ఇవాళే చెయ్యాలా?"

"ఆవిడ బస్సుకి టైమవుతోంది."

"బస్సు టైము కూడా నోటికొచ్చేసిందన్నమాట."

ఆయన నవ్వాడు. అక్కడ నవ్వకుండా ఉండవలసింది.

ఇంటికి వెళ్ళాక ఆయనే మళ్ళీ కదిపాడు.

"ఏమోయ్, రేపు కూడా ఆవిడతోనే ఆడు."

"ఎందుకు, మీరు బెంచీ మీద కూచుని మురిసిపోడానికా?"

"నీకే పనికొస్తుంది."

"ఆవిడ మాటెత్తితే చాలు, మీ మొహం చేటంతవుతోంది."



మర్నాడు హాలులో అందరూ ఉండగా ఆపరేటరు కొత్తావిడ ఎదుట నిలబడింది.

"ఆ బొడిపెలు పక్కన పెట్టి, నాలాగా నున్నటిదాంతో ఆడండి చూద్దాం. ఎవరి సరుకెంతో తేలిపోతుంది."

కొత్తావిడ క్లబ్బు బ్యాటు వైపు చూసింది. చెయ్యి చాచింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"వద్దులెండి. నేనిక్కడ దీంతోనే ఆడాలి."

"భయమా?"

"అలాగే అనుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. బెంచీ మీద కూర్చున్న భర్త మాత్రం కొత్తావిడ వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. ఆ చూపు ఆపరేటరు కంటపడింది. తరవాత జరిగినదానికి కారణం ఆ చూపే గాని, ఓటమి కాదు.

ఆమె నేరుగా సెక్రటరీ గదిలోకి వెళ్ళింది.

"బొడిపెల బ్యాటు వాళ్ళని ఇక మన హాల్లోకి రానివ్వకండి."

"అది రూల్సుకి విరుద్ధం కాదు కదమ్మా."

"అయితే టేబులు ఆవిడకే రాసివ్వండి. నేను మానేస్తాను."

క్లబ్బు అలమారలోని ఒక్కగానొక్క కప్పు ఆపరేటరు గెలిచి తెచ్చినదే. సెక్రటరీ బుర్ర గోక్కున్నాడు.

"సరేలే, ఆవిడకి నేను చెబుతాను."

కొత్తావిడ వాదించలేదు. బ్యాటు తుడిచి సంచీలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆపరేటరు ఎదురైతే ఆగింది.

"ఇలాంటి బ్యాటు మళ్ళీ ఎదురైతే కోపంగా కొట్టకండి."

"మీలాంటివాళ్ళు మళ్ళీ తగలర్లెండి."

ఆ తరవాత హాలులో అందరివీ నున్నటి రబ్బర్లే. ఆపరేటరు అందరినీ ఓడించింది. భర్త ఆమె బ్యాటుకు కొత్త రబ్బరు అంటించి ఇచ్చాడు. ఇల్లు నెమ్మదించింది.

ఎంపిక పోటీల్లో ఆఖరి ఆట. ఆడబోయే ముందు బ్యాట్లు ఒకరికొకరు చూపించుకోవడం నియమం. ఎదుటి సన్నపాటి అమ్మాయి తన బ్యాటును అందించింది. ఆపరేటరు దాన్ని తిప్పి చూసింది. రెండోవైపు బొడిపెలు.

ఆపరేటరు ఓడిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

తిరుగు బస్సులో ఆమె భర్తను అడిగింది.

"ఆ పిల్ల బొడిపెలతో ఆడుతుందని మీకు ముందే తెలుసా?"

"తెలుసు. నీకు గట్టి పోటీ తనొక్కతే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే సరిపోదు, చేతికి రావాలి. అందుకే కదా నేను కాళ్ళావేళ్ళా పడి ఆవిణ్ణి మన హాలుకి రప్పించింది."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"ఎవరావిడ?"

"చెప్పనని మాటిచ్చాను. తనెవరో తెలిస్తే నువ్వు మర్యాదకి ఆడతావట, గెలవాలని ఆడవట."

ఆయన ఆ మాట తప్పలేదు.

చాలా ఏళ్ళకు, ఉద్యోగ విరమణ చేశాక, ఆపరేటరు పాత క్రీడాకారుల పోటీలు చూడటానికి వెళ్ళింది. మూడో టేబులు మీద కొత్తావిడ ఆడుతోంది. బ్యాటుకు రెండువైపులా నున్నటి రబ్బరే. ఆమె తిప్పి కొట్టే దెబ్బను ఎదుటివాళ్ళు అందుకోలేకపోతున్నారు.

"ఈవిడ బొడిపెలతో కదా ఆడేది?" పక్కనున్న ముసలి అంపైరును అడిగింది ఆపరేటరు.

"ఎవరు చెప్పారమ్మా? ఆవిడ ఆటెప్పుడూ ఇదే. ఒకప్పుడు మాత్రం ఎవరికో సాధన ఇప్పించాలని కొన్ని నెలలు బొడిపెలు అలవాటు చేసుకుంది. ఆ దెబ్బకి అసలు ఆట చెడి, మళ్ళీ దార్లో పడ్డానికి ఏడాది పట్టింది."

ఆ ఏడు రాష్ట్ర జట్టులో ఖాళీ అయిన స్థానం కొత్తావిడదే. క్లబ్బులో అందరూ పేరే విన్న, మొహం చూడని కెప్టెను ఆవిడ. తప్పుకుంటూ, తన తరవాత అందులో ఉండాలని ఎంపిక సంఘానికి ఆమె చెప్పిన ఒకే ఒక్క పేరు ఆపరేటరుది.