పాత బ్రౌజర్లో కనిపించిన నంబర్

నరేష్ నడిపే రక్తదాతల సైటు నుంచి మూడువేల మంది ఫోన్ నంబర్లు చోరీ అయిన ఉదయం, అతనికి నిసార్ అనే అపరిచితుడు గుర్తొచ్చాడు.

నెల క్రితం ఆ మనిషి ఫోన్ చేశాడు.

“నరేష్ గారూ, మీ సైట్లో నడిచే స్క్రిప్టుకి, అంటే లోపలి చిన్న ప్రోగ్రాముకి, గుర్తుగా తగిలించిన రహస్య నంబర్‌ని బయటివాళ్లు చదవగలరు. అది దొరికితే వాళ్ల స్క్రిప్టు కూడా లోపలికి దూరి దాతల జాబితా పట్టుకుపోతుంది.”

విశాఖ ఉక్కునగరం క్వార్టర్‌లో కూర్చుని నరేష్ తన ల్యాప్‌టాప్‌లో చూశాడు. బ్రౌజర్‌ని ఆ రహస్య నంబర్ అడిగితే ఖాళీ వచ్చింది.

“నాను సూసాను. ఏటీ కనబడ్లేదు.”

“మీది కొత్త బ్రౌజర్ భాయ్. అది దాచేస్తుంది. పాతదైతే అడగ్గానే చెప్పేస్తుంది. బ్లడ్ బ్యాంకులో ఉన్నది పాతదే.”

“మా సైటుతో మీకేటి పని?”



“ఉంది,” అన్నాడు నిసార్.

పక్కనున్న బావమరిది అప్పలసూరి నవ్వాడు. “తాళం బాగోలేదని దొంగే ఫోన్ సేసి సెప్తన్నాడు బావ. బ్లాక్ సేసీ.”

నరేష్ బ్లాక్ చేశాడు.

జాబితా పోయాక దాతలకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పాడు ఫోన్లు మొదలయ్యాయి. తెలియని నంబరైతే ఎత్తడమే మానేశారు. సైటు మూతపడింది.

బ్లడ్ బ్యాంకుకి వెళ్లే ధైర్యం నరేష్‌కి రెండు నెలలకు గాని రాలేదు. అక్కడి పాత కంప్యూటర్లో అదే ప్రశ్న అడిగాడు. నంబర్ పూర్తిగా తెర మీదికి వచ్చింది.

“సిస్టర్, నిసార్ అని ఎవరైనా ఇక్కడికొచ్చీవోరా?”

“మాహిరా వోళ్ల నాన్న,” అంది నర్సు శ్రీసత్య. “కంప్యూటర్ల పనేనంట ఆయంది. పాపకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల. ఎక్కినంతసేపూ ఇక్కడ కూకొని, మీ లిస్టు సూసి దాతలకి ఫోన్లు సేసీవోరు. ఇలాగే రక్తం ఎక్కించుకొనే మిగతా పిల్లలకి కూడా.”

“పాపకెలా ఉంది?”

“ఫోనెత్తిన దాత లేడు కదండీ. పోయిన శుక్రవారం పోయింది.”



“మరి ఆయన?”

“పొద్దున్నొచ్చారు. ఇంకా పదకొండుమంది పిల్లలున్నారు కదా. మా రిజిస్టర్లోంచి దాతల అడ్రస్సులు రాసుకొని ఇంటింటికీ ఎల్తన్నారు, ఫోనెత్తండని అడగడానికి.”

రిజిస్టర్లో నిసార్ పెట్టిన టిక్కుల ప్రకారం పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లు పూర్తయ్యాయి. ఎలమంచిలి వైపు ఇళ్లకు ఇంకా ఎవరూ వెళ్లలేదు. నరేష్ ఆ అడ్రస్సులు రాసుకోవడం మొదలుపెట్టాడు.