కలిసింది ఒక్క గొడుగే

"నీ ప్రోగ్రాం వచ్చిన ఈ వారంలో ఒక్క వస్తువూ సొంతదారు ఇల్లు చేరలేదమ్మా!" అంటూ గుమాస్తా అరలు చూపించాడు.

బస్టాండులో పోయిన వస్తువుల కౌంటరది. అరల నిండా సంచులు, నీళ్ళ సీసాలు, ఒంటి చెప్పులు. పోగొట్టుకున్నవాళ్ళు ఇక్కడికొచ్చి వివరాలు రాయిస్తారు. దొరికినవాళ్ళు వస్తువును వెనకవైపు కిటికీలో వేరే మనిషికి ఇచ్చిపోతారు. రెండు రికార్డుల్నీ పోల్చి, రెండూ ఒకటేనని కంప్యూటరు తేలిస్తే, గుమాస్తా ఫోన్ చేసి కబురు చెబుతాడు. ఆ పోల్చే ప్రోగ్రాం రాసింది ఎదురుగా నిలబడ్డ ఈ అమ్మాయే.

"పై ఆఫీసరు నిప్పులు కక్కుతున్నాడు. సాయంత్రంలోగా సరిచెయ్యకపోతే దీన్ని తీసిపారేస్తారట. నీ ఉద్యోగం సంగతి నువ్వే చూసుకో."

ఈ కొత్త ఊళ్ళో ఆమెకంటూ ఉన్నది ఆ ఉద్యోగం ఒక్కటే. లోన్ కావాలా అని అడిగేవాళ్ళు తప్ప ఆమె ఫోన్‌కి ఇంకెవరూ చెయ్యరు.

"రూలు సరైనదేనండీ. రెండు రికార్డులు సమానం అనాలంటే లోపలున్న ప్రతి గడీ సమానం కావాలి. రంగు, సైజు, గుర్తులు, అన్నీ. ఒక్క గడి తేడా వచ్చినా రెండూ వేరువేరే."

"అలాగైతే ఈ జన్మకి కలవవు."

"ఎందుకు కలవవు? నిన్న గొడుగు కలిసింది కదా!" తెర మీద వేలు పెట్టి చూపించింది. ఆమె పరువు ఇప్పుడా గొడుగు మీదే నిలబడి ఉంది.

"అది పెద్దాయనది. పొద్దున్నే ఫోన్ చేశా. అదిగో, మాటల్లోనే వచ్చేశాడు."

ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఫోటో దిగడానికి వచ్చినట్టున్నాడు పెద్దాయన.

"మీ ఫోన్ మోగగానే బయల్దేరానండీ. ఎంత ఆప్యాయంగా మాట్లాడారు! కాఫీ అయిందా అని కూడా అడిగారు."

"అడక్కేం, మీరు మాకు పాత చుట్టం. పోయిన నెల మఫ్లరు, అంతకుముందు కళ్ళజోడు పెట్టె. ఇంట్లో ఎవరూ గుర్తు చెయ్యరా సార్?"

"ఇంట్లోనా?" పెద్దాయన నవ్వేశాడు. "ఉంటే చేసేవాళ్ళే."

"ఆ తెచ్చిచ్చిన పుణ్యాత్ముడికి దణ్ణం పెట్టాలి మీరు. ఈ రోజుల్లో ఎవరిస్తారు?"

"నిజమే. మంచివాడే అయ్యుంటాడు." గొడుగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "కాసేపు కూర్చుంటానండీ. నాకేం పని లేదు."

అమ్మాయి మళ్ళీ తెరలో తల దూర్చింది. ఒక ఎర్ర సంచి తాలూకు రికార్డులు రెండూ పక్కపక్కన పెట్టింది. సంచి, ఎరుపు, తెగిన జిప్పు. అంతా ఒకటే. చివరి గడికొచ్చేసరికి నాలుక్కరుచుకుంది. ఫోన్ నంబరు! పోగొట్టుకున్నవాళ్ళది ఒకటి, తెచ్చిచ్చినవాళ్ళది ఇంకొకటి. వస్తువులతో పాటు మనుషుల్ని కూడా పోల్చేస్తోంది ప్రోగ్రాం. ఇంకేం కలుస్తాయి, నా మొహం!

ఆ గడిని పోలికలోంచి తీసేసింది. అంతే, తెర నిండా జతలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. గుమాస్తాకి ఊపిరి సలపలేదు. ఒక ఫోన్ పెట్టేస్తే ఇంకో ఫోన్. పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు, మళ్ళీ చెప్పబోయాడు. వినే తీరిక ఎవరికీ లేదు. పాపం, గొడుగు తెరిచి, ముడిచి, మళ్ళీ తెరిచాడు.

"నీ ఉద్యోగం నిలబడింది పో," అన్నాడు గుమాస్తా రిసీవరు మూసిపట్టుకుని. "అది సరే అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఫోన్ నంబర్లు కూడా ఒకటైతేనే కలిపిందన్నమాట. మరి అదే తప్పు రూలు పెద్దాయన గొడుగునెలా కలిపింది?"

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. గొడుగు తెచ్చిచ్చిన మనిషి రికార్డు తెరిచి, అందులో ఉన్న నంబరుకి తన ఫోన్‌లోంచి చేసింది.

బెంచీ మీద పెద్దాయన జేబు మోగింది. ఆయన గబగబా జుట్టు సర్దుకుని, ముఖమంతా వెలిగిపోతుండగా, "హలో, చెప్పండి!" అన్నాడు.