బాతమ్మ దాచిన ఈకలు

వాగు ఒడ్డున ఒక ముసలి బాతమ్మ ఉండేది. తన పెనిమిటిని నక్క ఎత్తుకుపోయిననాడు రాలిన ఈకల్ని ఏరి, పాత కుండలో దాచుకుంది. చిమ్మటలు పట్టకుండా వేపాకు దట్టించి, పైన పెంకు మూసి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. తనూ ముట్టుకోలేదు.

వానాకాలంలో ఒకరోజు మనసు ఆగక పెంకు తీసింది. లోపలినుంచి చిమ్మట ఎగిరింది. సగం ఈకలు పొడైపోయాయి.

"పాపిష్టిదానా! ఇంత వేపాకు వేస్తే ఎలా చేరావే?" అని బాతమ్మ ఏడ్చింది.

"ఆకు ఎప్పుడో ఎండిపోయింది తల్లీ. చీకటిగా ఉంది, కదిలించేవాళ్లు లేరు. మాకింకేం కావాలి?" అంది చిమ్మట.

అంతలో పక్క పొదలో కోడిపిల్లలు తడిసి వణుకుతూ అరిచాయి. తల్లికోడి రెక్కలు వాటికి చాలడం లేదు. బాతమ్మ కాసేపు కుండవైపే చూసింది. తర్వాత మిగిలిన ఈకల్ని దులిపి, మోసుకెళ్లి పిల్లల కింద పరిచింది.

"అయ్యో వదినా, ఇవి అన్నయ్యవి కదా!" అంది కోడి.

"ఆయనవే. ఊరికే పడుండటం ఆయనకు ఏనాడూ నచ్చేది కాదులే."

పిల్లలు ఈకలమీద పొర్లాయి, తొక్కాయి, కొట్టుకున్నాయి. చిమ్మట చుట్టూ తిరిగి తిరిగి, వాలే చోటు దొరక్క వెళ్లిపోయింది.