ఎక్కువ పోగు

ధర్మవరంలో కుళ్ళాయప్ప హిందూపురం బండెక్కాడు. పెనుకొండలో దిగి, ఎదురుబండికి ఇంటికి పోదామనుకున్నాడు. దిగలేదు. ఈ సంగతేదో తెలుసుకోకపోతే ఇక కంటికి నిద్ర రాదు.

హిందూపురంలో ఒక నర్సింగ్‌హోముకు నెలకొకసారి బెంగళూరు నుంచి గుండె డాక్టరు వస్తాడు. వరండాలో బెంచీ నిండా జనం. పక్కన కూర్చున్న ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, అట్ల చెమటలు కారిపోతాండాయి? లోపలుండేది డాక్టరబ్బా, చిరతపులి కాదు."

బెంచీ అంతా నవ్వింది. కుళ్ళాయప్ప నవ్వలేదు.

డాక్టర్ ప్రేమ్ కుమార్ ఈసీజీ కాగితాన్ని బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగి ఉంది. పైన రాసిన పేరు చెమటకు అలుక్కుపోయింది.

"ఎప్పటిదిది?"

"రెండేండ్లయింది సార్."

"గుండెలో పుట్టుకతోనే ఒక దారి ఎక్కువుంది. దాని వల్లే ఆ దడ. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, ఆ దారిని కాల్చేస్తారు. అప్పుడే చెప్పుంటారే?"

"చెప్పినారు సార్. ఎక్కువ పోగుండాది, కాలుస్తామన్న్యారు. మేం పట్టు నేసేటోళ్ళం. మగ్గం కాడికి బీడీ గూడా రానీం. ఒక పోగు కాలితే పక్క పోగులూ పోతాయి, చీరంతా పాడయితాది. అందుకే ఒద్దంటి."

డాక్టరు నవ్వాడు. "గుండె చీర కాదయ్యా. కాల్చేది మెంతిగింజంత."

"మనిషి పోతే?"

"వెయ్యి మందిలో ఒక్కరు కూడా పోరు."

కుళ్ళాయప్ప బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"గుండెకు బొక్క పడితే సార్?"

"నూటికి ఒకరికి కూడా పడదు. పడినా చూసుకుంటారు."

"మళ్ళా దడ మొదలైతే?"

"నూటికి తొంభై అయిదు మందికి రాదు. మూడో రోజు ఇంటికి, వారానికి మగ్గం గుంతలోకి."

"రెండేండ్ల కింద ఇంత బాగ చేస్తాండ్లేదేమో గదా సార్? అప్పుడప్పుడే నేర్చుకుంటా ఉంటిరేమో?"

అడిగిన తీరు బతిమాలుతున్నట్టే ఉంది.

"అప్పుడూ ఇంతే. పదేళ్ళకు పైగా చేస్తున్నారు."

"మీ చేతిలో ఒక్కరన్నా సచ్చింటారు గదా సార్?"

డాక్టరుకు విసుగొచ్చింది. "ఏం మనిషివయ్యా! ధైర్యం చెప్పేకొద్దీ భయపడతావు. చేయించకపోతేనే ప్రమాదం. ఈ రకంలో గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు."

కుళ్ళాయప్ప కళ్ళు మూసుకున్నాడు.

బెంగళూరు ఆసుపత్రికి చీటీ రాయడానికి డాక్టరు పెన్ను తీశాడు. "పేషెంటు పేరు చెప్పు."

రెండేళ్ళ కిందట సంతకం పెట్టనని మొండికేసి ఇంటికి తోడుకొచ్చి, నెల తిరక్కుండానే మట్టిచేసిన భార్య ఆదిలక్ష్మమ్మ పేరు చెప్పాడు కుళ్ళాయప్ప.