పిడికెడు గింజలు

విత్తనాల గోతాల వెనక మహేశ్వరి పడిపోయి ఉండటం మొదట చూసింది నల్లమ్మ. చేతిలో చాట అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. నుదుటి నిండా చెమట. పెదాల చివర నమిలిన వేరుశెనగ ముక్కలు.

"మహేశ్వరీ, ఏం తింటివే?"

ఆ పిల్ల కళ్లు సగం తెరిచింది. "బుడ్డలు..." అని మళ్లీ మూసుకుంది.

నల్లమ్మ ఆమె చెయ్యి విప్పి చూసింది. అరచెయ్యంతా గులాబీ రంగు. పక్కనే మూతి విప్పిన గోతంలో అదే రంగు వేరుశెనగ గింజలు. భూమిలో బూజు పట్టకుండా మందు పట్టించిన విత్తనం అది. నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని ఆ అంగట్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు.

"శెట్టీ, మందు గింజలు తినేసిందప్పా ఈ పిల్ల."

రాజేంద్ర శెట్టి బయట బేరంలో ఉన్నాడు. మొన్ననే వాన పడింది. బెళుగుప్ప చుట్టుపక్కల రైతులంతా విత్తనం కోసం ఆయన అంగడి ముందే నిలబడ్డారు. వాకిట్లో తినే గింజల గంప, దానికి గుచ్చిన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: 'రోజూ పిడికెడు తినండి. ఒంటికి బలం, గుండెకు మంచిది.' వచ్చినవాళ్లకు శెట్టి దాన్ని చదివి మరీ వినిపిస్తాడు. లోపల గింజలు ఏరే ఆడవాళ్లు మాత్రం ఒక్కటి నోట్లో వేసుకున్నా మర్నాడు పనికి రానక్కర్లేదు. ఆయన ఆరోగ్య సూత్రాలు కొనేవాళ్లకే గానీ ఏరేవాళ్లకు కాదు.

"ఎవురు తినమనిరి దాన్ని?" అంటూ లోపలికొచ్చాడు. గొంతులో కోపం ఉంది గానీ మొహం పాలిపోయింది.

"రక్తం తక్కువుండాది, దినామూ పిడికెడు బుడ్డలు బెల్లంతో తినమని నర్సమ్మ చెప్పింది గదా. ఇంట్లో యాడుంటాయి దీనికి? ఈడనే తినేసినట్టుండాది పిచ్చిది," అంది నల్లమ్మ.

రైతుల్లో తిప్పయ్య అప్పటికే 108కి ఫోన్ చేశాడు. అవతల అడిగింది విని శెట్టి వైపు తిరిగాడు.

"మందు పేరేందని అడుగుతాండారు శెట్టీ. డబ్బా చూసి చెప్పమంటాండారు. దాన్ని బట్టే వైద్యం చేస్తారంట."

"డబ్బానా... అయిపోతే పారేసినా."

"పేరన్నా చెప్పు."

"గుర్తు లేదప్పా."

"ఏమప్పా, ఇన్ని గోతాలకు పట్టించినావు, పేరు గుర్తు లేదా? ఆడ ప్రాణం పోతాంటే."

శెట్టి కండువాతో మెడ తుడుచుకున్నాడు. తిప్పయ్య ఫోన్ చెవికి ఆనించుకునే గదంతా వెతికాడు. ఇంకో ఇద్దరు రైతులు తక్కెడ కింద, గోతాల సందుల్లో చూశారు. డబ్బా దొరకలేదు. కనీసం ఖాళీ పొట్లం కూడా దొరకలేదు.

"బండి వచ్చేసరికి అరగంట పడ్తాదంట."

"అరగంట ఆగితే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు," అని నల్లమ్మ పెరట్లోకి పరుగెత్తింది. ఆవును కట్టేసిన చోట పేడ తీసి, చెంబెడు నీళ్లలో పిసుక్కుని వచ్చింది. విషం తిన్నవాళ్లకు ఆ నీళ్లు తాపి కక్కించడం ఆమె చిన్నప్పటి నుంచీ చూసిందే. "తల పట్టుకోండి. కక్కితే బతుకుతాది."

"వద్దంటాండారు నల్లమ్మా. తెలివి లేనప్పుడు తాపితే ఊపిరాడక పోతాదంట," అన్నాడు తిప్పయ్య ఫోన్ పట్టుకుని.

"పేరు చెప్పాల్సినోడు చెప్పడు. వచ్చేది అరగంటకు. చూస్తా కూర్చోమంటావా?"

నల్లమ్మ మహేశ్వరి తల ఒళ్లోకి తీసుకుంది. దవడలు నొక్కి నోరు తెరిపించింది. చెంబు పెదాలకు ఆనింది.

ఆ నీళ్లు అక్కర్లేదని తెలిసినవాడు ఆ గదిలో శెట్టి ఒక్కడే. నోరు విప్పితే అంగడి పోతుంది, విప్పకపోతే కళ్లముందే ఆ పిల్ల పోతుంది. చెంబు కొంచెం వంగింది.

"తాపొద్దు." ఒక్క అంగలో వెళ్లి చెంబు లాక్కున్నాడు. పేడనీళ్లు ఆయన తెల్లపంచె మీద ఒలికాయి. "తాపొద్దు నల్లమ్మా. అది మందు కాదు. ఉట్టి రంగు. మిఠాయిల్లో కలిపే రంగు పట్టించినా. తింటే ఏం కాదు."

ఫోన్లో మనిషి హలో, హలో అంటున్నాడు. మందు పట్టించిన విత్తనమని నమ్మి, ఎక్కువ ధర పెట్టి కొని భుజాల మీదికెత్తుకున్న సంచులు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

"అయితే పోయినేడు నా చేన్లో విత్తనం మొలక రాకుండానే కుళ్లిపోయిందే..." అన్నాడు తిప్పయ్య. నష్టమంతా దేవుడి మీద వేసి ఊరుకున్న మనిషి ఆయన.

"నన్నేమన్నా చేసుకోండప్పా. పిల్లను ఆస్పత్రికి తీస్కపోండి," అన్నాడు శెట్టి తల ఎత్తకుండా. ఆ అంగట్లో ఆయన లాభం చూసుకోకుండా అన్న మాట బహుశా అదొక్కటే.

నల్లమ్మ ఆ పిల్ల మొహాన మంచినీళ్లు చల్లింది. మహేశ్వరి మెల్లగా కళ్లు తెరిచింది. చుట్టూ ఇంతమందిని చూసి కంగారుగా లేచి కూర్చుంది. ఎదురుగా శెట్టి కనబడగానే చేతులు జోడించింది.

"రక్తం తక్కువై కళ్లు తిరిగినాయన్నా. పనిలోంచి తీసేయొద్దు." గబగబా కొంగు ముడి విప్పి చూపించింది. నానబెట్టిన బుడ్డలు పిడికెడు, చిన్న బెల్లం ముక్క. "ఇంటికాడ్నుంచి కట్టుకొచ్చుకున్నవే తింటినన్నా. నీ గింజ ఒక్కటి గూడా నోట్లో ఏసుకోలేదు."