ఒక ఊపు ఎక్కువ

“వదలండి టీచరుగారూ, టైం నేను చూస్తాను!” అన్నాడు లెక్కల మాస్టారు.

టీచరు దారానికి కట్టిన ఇనప నట్టును వదిలింది. ట్రైనింగ్ హాల్లో జంటలు జంటలుగా అందరూ లోలకాల ఊపులు లెక్కపెడుతున్నారు. అర నిమిషమైంది.

“ఇరవై ఒకటి,” అంది ఆమె.

“నాకు ఇరవయ్యే. మీ లోలకం ఒక పిల్లను కన్నట్టుందే!” నవ్వాడు మాస్టారు. “ఏదీ, ఈసారి పైకి లెక్కపెట్టండి.”

ఆమె నట్టు వదులుతూనే “ఒకటి” అంది.

“అదిగో, అక్కడే! వెళ్ళి తిరిగొస్తేనే కదండీ ఒకటి? మీ బళ్ళో ఎవరూ చెప్పలేదా?”

“మా బడికి నేనొక్కదాన్నే మాస్టారూ. పదకొండేళ్ళుగా.”

ఊగుతున్న నట్టును ఆమె అరచేత్తో పట్టి ఆపేసింది.

“మొన్న ఇదే ప్రయోగంలో ఒక పిల్ల ఇరవై అని రాస్తే, తప్పని ఎర్రసిరాతో కొట్టేశాను. అది నేను చెప్పినట్టే ఇరవై ఒకటని దిద్దుకొచ్చింది. బాగా రాశావని మెచ్చుకున్నాను కూడా.”

మాస్టారి నవ్వు ఆగిపోయింది. “పోనీలెండి, రేపు ఆ పిల్లకు చెప్పేస్తే సరి.”

“చెబుతాను.”

పదకొండేళ్ళలో ఆ బళ్ళో ‘తప్పు’ అన్న మాట ఎన్ని వేలసార్లు వినబడిందో! అన్నిసార్లూ అన్నది ఆమే. ఆమెతో అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ట్రైనింగ్ ముగిసింది. అందరూ కబుర్లాడుకుంటూ టీకి లేచారు. “రండి, చల్లారిపోతుంది,” అన్నాడు మాస్టారు.

ఆమె లేవలేదు. సంచీలోంచి సైన్సు పుస్తకం తీసి బల్లమీద తెరిచింది.

“బస్సుకింకా గంట టైముంది మాస్టారూ. మిగతా పాఠాలు నేనెలా చెబుతున్నానో కాస్త వింటారా?”