సగం నీళ్ళు

"తలుపెయ్యకుండ్రి టీచర్. ఇయ్యాల తిరిగి పోను."

భద్రు చెప్పులు గడప బయటే విప్పాడు. భుజానికి మలేరియా ఆఫీసు సంచి, చేతిలో తెల్ల గరిటె. సంపూర్ణ టీచర్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఈ గల్లీ నీది కాదు కదా భద్రూ?"

"కాదు. అడిగి ఏయించుకున్న."

మణుగూరులో అడవి వైపున్న చివరి వీధి అది. వరుసగా రెండు శుక్రవారాలు ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చారు. వీధిలో నిల్వ ఉన్న నీళ్ళన్నీ పారబోయించారు. సంపూర్ణ ఇంట్లోని చేపల తొట్టిని మాత్రం ఖాళీ చేయలేక, మందు చల్లి పోయారు. అది ఆమె కూతురు మహిమ పెట్టుకున్న తొట్టి. మహిమ పోయి ఎనిమిది నెలలు.

భద్రు పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

కిటికీ దగ్గర తొట్టి. నీటి మీద అంతరతామర మొక్కలు, ఆకు మీద ఆకు. వేలు పెట్టేంత చోటు లేదు. వైరా రిజర్వాయరు చూడబోయినప్పుడు మహిమ సీసాలో వేసుకొచ్చింది ఒక్క మొక్కే. అది పిల్లలు పెట్టింది. ప్రతి ఆదివారం గుడి నుంచి రాగానే మహిమ సగం మొక్కలు తీసేసేది. "సగం నీళ్ళు ఖాళీగా వదలాలమ్మా. మొత్తం కప్పేస్తే చేపలకు ఊపిరాడదు" అనేది.

ఆమె పోయాక సంపూర్ణ ఒక్క ఆకు తీయనివ్వలేదు. చేపలు ఒక్కటొక్కటిగా చచ్చి తేలాయి. మొక్కలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

భద్రు వేర్లు పక్కకు జరిపి గరిటె ముంచాడు. వెలుతురులో పట్టి చూపించాడు. సన్నటి దోమ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"మందు చల్లి పో."

"రెండుసార్లు చల్లిండ్రు. వారం తిరగకముందే మళ్ళ పుడుతున్నయి."

పక్కింటి నాగక్క వాకిట్లోకి వచ్చింది. భుజం మీద మూడేళ్ళ మనవరాలు. మూడు రోజులుగా చలిజ్వరం. పిల్ల కళ్ళు తెరవడం లేదు.

"సదువు చెప్పిన టీచర్‌కే ఎదురు నిలవడ్డవా కొడుకా?" అంది భద్రుతో. తర్వాత గొంతు తగ్గించింది. "దవాఖానల రక్తం చూసిండ్రు టీచరమ్మా. మలేరియానే అన్నరు. మీ బంగారుతల్లిని గూడ గీ జరమే..."

మాట సగంలో మింగేసింది.

సంపూర్ణ పిల్ల వైపు చూడలేదు.

"నా ఇంటి సంగతి ఆఫీసులో ఎవరు చెప్పిండ్రు?"

"కార్డొచ్చింది టీచర్. ఇది మూడోది."

"నా దిక్కు చూడకుండ్రి," అంది నాగక్క. "నేను వేలిముద్రదాన్ని."

"పేరుందా?" భద్రునే అడిగింది సంపూర్ణ.

"లేదు."

"ఏం రాసిండ్రు?"

భద్రు చొక్కా జేబు తడుముకున్నాడు. కార్డు బయటికి తీయలేదు. చూపించమని ఆమె అడగలేదు.

"'ఇంటామె అడ్డం పడుతుంది, ఏడుస్తుంది, ఆమె మాట వినకండి' అని రాసిండ్రు."

సంపూర్ణ వెళ్ళి తొట్టి ముందు నిలబడింది. రెండు చేతులూ చాచింది.

"ఇది దాని చేతి మొక్క భద్రూ. దాని చేతిది ఇంకా పెరుగుతున్నది ఈ ఇంట్లో ఇదొక్కటే."

భద్రు తల దించుకున్నాడు. ఆమె చేతుల కిందుగా వంగి, మొక్కలను పిడికిళ్ళతో తీసి గోనెసంచిలో వేయసాగాడు. నేల మీద నీళ్ళు కారాయి.

"ఒక్కటి ఉంచు. గ్లాసులో పెట్టుకుంటా."

అతని చేయి ఆగింది.

"'ఎంత అడిగినా ఒక్క మొక్క గూడ ఇయ్యొద్దు' అని రాసిండ్రు టీచర్."

సంపూర్ణ చేతులు దించింది. పక్కకు తప్పుకుంది.

అతను బకెట్లతో నీళ్ళు తోడి వాకిట్లో ఎండిన నేల మీద పోశాడు. ఖాళీ తొట్టిని గోడవారగా బోర్లించాడు. ఆమె ఆ వైపు చూడలేదు. నాగక్క దగ్గరికి వెళ్ళి పిల్ల నుదుటి మీద చేయి వేసింది.

"ఎండలో నిలబెట్టినవేంది పిల్లను? లోపలికి రా."

వీధి మలుపులో భద్రు సైకిల్ ఆపాడు. జేబులోంచి కార్డు తీశాడు. చింపబోయి, చింపలేక, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.

ఆ గుండ్రటి అక్షరాలు, ఒకటో తరగతిలో తన వేలు పట్టుకుని పలక మీద దిద్దించిన సంపూర్ణ టీచర్‌వే.